వాళ్ల బాకీ, మన జేబు

2024 ఫిబ్రవరి 8న ఢిల్లీలో ఒకే రోజు రెండు పత్రాలు బయటికొచ్చాయి. ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ పార్లమెంటులో శ్వేతపత్రం పెట్టారు. కాంగ్రెస్ అధ్యక్షుడు ఖర్గే అదే రోజు నల్లపత్రం విడుదల చేశారు. 2014కు ముందు పదేళ్లు కాంగ్రెసోళ్లు బ్యాంకుల్ని ముంచారు, మేమొచ్చి ఒడ్డున పడేశాం అని తెల్లకాగితం చెప్పింది. ఆ తర్వాతి పదేళ్లే అన్యాయకాలం, నిరుద్యోగం మీది, ధరలు మీవి, రైతుల గోస మీది అని నల్లకాగితం చెప్పింది. నువ్వంటే నువ్వని ఇద్దరూ వేళ్లు చూపించుకున్నారు.

ఈ తెలుపు నలుపుల గొడవలో ఒక లెక్క మరుగున పడింది. బ్యాంకుల సొమ్ము తిన్నదెవరు, ఆ లోటు పూడ్చిందెవరు? బ్యాంకుల గొడవ మనకెందుకు, మనోళ్లకేమైనా డిపాజిట్లున్నాయా అని మీటింగుల్లో కుర్రాళ్లు అడుగుతుంటారు. డిపాజిట్లు లేకపోయినా పూడ్చిన వాళ్లలో మనమున్నాం. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు బిల్లు ఎంతో చూద్దాం. 2016-17 నుంచి 2020-21 దాకా ఐదేళ్లలో కేంద్ర ప్రభుత్వం ప్రభుత్వరంగ బ్యాంకులకు మూలధనం పేరుతో ఇచ్చింది 3,10,997 కోట్ల రూపాయలు. ఇది ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్కే. ఇందులో నేరుగా బడ్జెట్ నుంచి ఇచ్చింది 34,997 కోట్లు. మిగతా 2,76,000 కోట్లు బాండ్ల రూపంలో ఇచ్చారు. 2017 అక్టోబర్‌లో అప్పటి ఆర్థికమంత్రి అరుణ్ జైట్లీ 2 లక్షల 11 వేల కోట్ల పథకం ప్రకటించినప్పుడు ఈ బాండ్ల మాటే పెద్దగా వినపడింది.

బాండ్లంటే ఏమిటో పత్రికలు అర్థమయ్యేట్టు రాయవు. ఇలా అనుకోండి. ఊళ్లో ఒక వడ్డీ వ్యాపారి ఉన్నాడు. ఊరివాళ్లు దాచుకున్న సొమ్ము అతని పెట్టెలో ఉంది. అందులో పెద్ద భాగం మోతుబరులు అప్పుగా పట్టుకుపోయి ఎగ్గొట్టారు. వ్యాపారి దివాలా తీసేట్టున్నాడు. పంచాయతీ వచ్చి నీకు మేం పెట్టుబడి పెడతాం, భయపడకు అంది. పంచాయతీ దగ్గర మాత్రం డబ్బెక్కడిది? ఆ వ్యాపారి పెట్టెలోనే మిగిలిన ఊరివాళ్ల సొమ్మును అప్పుగా తీసుకుంది. ప్రోనోటు రాసిచ్చింది. తీసుకున్న డబ్బును మళ్లీ అదే పెట్టెలో వేసి, ఇదిగో నా పెట్టుబడి అంది. పెట్టెలో రూపాయి పెరగలేదు, తరగలేదు. కానీ పద్దు పుస్తకంలో వ్యాపారి నిలబడ్డాడు. ప్రోనోటు మీద వడ్డీ మాత్రం పంచాయతీ ఏటా కట్టాలి, అసలు గడువు నాటికి కట్టాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తుంది? ఇంటిపన్ను, నీటిపన్ను. మోతుబరులు మాత్రం అరుగు మీద కూర్చుని పంచాయతీ తీర్పు బాగుందన్నారు.

పంచాయతీ అన్నచోట కేంద్ర ప్రభుత్వం అని, ఇంటిపన్ను అన్నచోట జీఎస్టీ అని మార్చుకుంటే అంతా అదే. 2,76,000 కోట్ల మీద ఏడు శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 19 వేల కోట్ల పైమాట. సబ్బుబిళ్ల కొన్నా, చెప్పులు కొన్నా, సెల్లులో బ్యాలెన్స్ వేయించినా పన్ను కడుతున్నాం. ఆదాయపన్ను కట్టేవాడే దేశాన్ని మోస్తున్నాడని మాట్లాడే పెద్దమనుషులకు ఈ సంగతి చెప్పండి.

ఇక తగువులోకి వద్దాం. ప్రభుత్వ బ్యాంకుల మొండిబాకీలు 2015 మార్చి 31 నాటికి 2,79,016 కోట్లు. 2018 మార్చి 31 నాటికి 8,95,601 కోట్లు. మూడేళ్లలో మూడింతలు దాటాయి. మీ ఏలుబడిలోనే కదా పెరిగిందని కాంగ్రెస్ అంది. కాదు, మీరిచ్చిన అప్పులే, మీరు కార్పెట్ కింద దాచిన చెత్తను మేం బయటికి తీశాం అని బీజేపీ అంది. ఈ రెండో మాటలో నిజం లేకపోలేదు. తీరని అప్పులకు మళ్లీ అప్పులిచ్చి, గడువులు పొడిగించి, బాగానే ఉన్నట్టు చూపించే అలవాటు బ్యాంకులకు ఉండేది. 2015లో రిజర్వుబ్యాంకు గట్టిగా తనిఖీ చేయిస్తే అసలు రంగు బయటపడింది. కాబట్టి అంకె పెరిగిన ఏడాది, అప్పు ఇచ్చిన ఏడాది ఒకటి కావు. కానీ తనిఖీ చేసినంత మాత్రాన వసూలు చేసినట్టు కాదు గదా!

2018 జూలై 20న లోక్‌సభలో ఈ తగువు మన పేరు మీదే నడిచింది. అవిశ్వాస తీర్మానం పెట్టింది తెలుగుదేశం. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా, విభజన హామీల కోసం పెట్టిన తీర్మానం. ఆ చర్చకు జవాబిస్తూ ప్రధాని మోదీ 'ఫోన్ బ్యాంకింగ్' గురించి చెప్పారు. కాంగ్రెస్ పెద్దల నుంచి ఫోన్ వస్తే చాలు, బ్యాంకు అప్పు ఇచ్చేసేదన్నారు. స్వాతంత్ర్యం వచ్చిన అరవై ఏళ్లలో 18 లక్షల కోట్లు అప్పులిస్తే, 2008 నుంచి 2014 లోపే అది 52 లక్షల కోట్లయిందన్నారు. కాంగ్రెస్ వాళ్లు సూటు బూటు సర్కారని ఎదురు తిట్టారు. తీర్మానానికి అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లొచ్చాయి. హోదా సంగతి ఎటుపోయిందో ఎవరికీ పట్టలేదు. (ఆ ఏడాది మార్చి దాకా ఎన్డీఏలో ఉన్న తెలుగుదేశం 2024లో మళ్లీ అక్కడికే చేరింది. ఫోన్ల గురించి ఇప్పుడు వాళ్లూ మాట్లాడరు.)

ఆ తర్వాత రెండు నెలలకే ఇంకో తమాషా జరిగింది. మురళీమనోహర్ జోషి అధ్యక్షుడిగా ఉన్న పార్లమెంటు అంచనాల కమిటీ మొండిబాకీల గురించి రిజర్వుబ్యాంకు మాజీ గవర్నర్ రఘురాం రాజన్‌ను అడిగింది. ఆయన రాసి పంపారు. చెడిపోయిన అప్పుల్లో ఎక్కువ భాగం 2006-2008 మధ్య ఇచ్చినవేనని అందులో ఉంది. బీజేపీ ఆ ముక్క చించుకుని ఊరేగింది. పెద్ద పెద్ద మోసం కేసుల జాబితాను ప్రధాని కార్యాలయానికి పంపానని, ఆ తర్వాత ఏం జరిగిందో తనకు తెలియదని కూడా అదే కాగితంలో ఉంది. కాంగ్రెస్ ఆ ముక్క చించుకుని ఊరేగింది. ఒకే ఉత్తరాన్ని చెరిసగం పంచుకున్నారు.

ఇద్దరూ వదిలేసిన ముక్క ఒకటుంది. మనకు కావలసింది అదే. మంచి రోజుల్లో బ్యాంకులు చెక్కుబుక్కులు ఊపుకుంటూ తన వెంటపడి ఎంత కావాలో చెప్పమన్నాయని ఒక పారిశ్రామికవేత్త తనతో అన్నట్టు రాజన్ అందులో రాశారు.

ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. మన వాడలో డిగ్రీ చదివిన కుర్రాడు ఎస్సీ కార్పొరేషన్ అప్పు కోసం ఎన్నిసార్లు తిరుగుతాడు? దరఖాస్తు పెట్టాలి. ఎంపిక కావాలి. సబ్సిడీ మంజూరు కావాలి. ఇన్నీ అయ్యాక బ్యాంకు ఒప్పుకోవాలి. మేనేజరు ఇవాళ లేరంటారు. ఉంటే పూచీకత్తు ఎవరంటారు. మీ పేటలో పాత బాకీలున్నాయి, అవి కడితే చూద్దామంటారు. ఎవరో తాత తీసుకున్న గేదె అప్పుకు మనవడి దుకాణం ఆగిపోతుంది. ఒక పేట మొత్తానికి ఒకే పద్దు రాసే బ్యాంకు, కంపెనీల ఇంటికి మాత్రం చెక్కుబుక్కు పట్టుకుని వెళ్లింది. ఒకే కుటుంబానికి చెందిన నాలుగు కంపెనీల్లో ఒకటి ఎగ్గొడితే మిగతా మూడింటికీ అప్పు ఆపిందా?

ఎవరి కాలంలో ఇచ్చారనే తప్ప ఎవరికిచ్చారని వీళ్లు పోట్లాడుకోరు. ఎందుకంటే అక్కడ ఇద్దరికీ చుట్టరికం ఉంది. విజయ్ మాల్యా సంగతే చూడండి. 2002లో రాజ్యసభకు పోయింది జనతాదళ్ (ఎస్), కాంగ్రెస్ మద్దతుతో. 2010లో మళ్లీ పోయింది జనతాదళ్ (ఎస్), బీజేపీ మద్దతుతో. 2016 మార్చి 2న విమానమెక్కి పోయింది మాత్రం ఎవరి మద్దతుతోనో ఇద్దరూ చెప్పరు. పంజాబ్ నేషనల్ బ్యాంకులో నీరవ్ మోదీ మోసం 2018 ఫిబ్రవరిలో బయటపడితే, మొదలైంది 2011లో కాబట్టి పాపం మీదే అని ఒకరు, మనిషి పారిపోయింది 2018 జనవరిలో కాబట్టి పాపం మీదే అని ఇంకొకరు.

తెలుగువాళ్లం మనకేం తక్కువ లేదు. 2017 జూన్‌లో రిజర్వుబ్యాంకు దివాలా చట్టం కిందికి పంపమన్న మొదటి 12 ఖాతాల్లో లాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒకటి. దాన్ని స్థాపించింది విజయవాడ నుంచి కాంగ్రెస్ ఎంపీగా ఉన్న లగడపాటి రాజగోపాల్. 2018 ఆగస్టులో ఆ కంపెనీని మూసి ఆస్తులు అమ్మమని ట్రిబ్యునల్ ఉత్తర్వులిచ్చింది. ఆ పన్నెండు ఖాతాలే దేశంలోని మొండిబాకీల్లో దాదాపు నాలుగో వంతు. పన్నెండంటే పన్నెండే! మన ఊళ్లో ఒక డ్వాక్రా గ్రూపులో ఉండే ఆడవాళ్లంతమంది. వాటిలో ఇంకొకటి అలోక్ ఇండస్ట్రీస్. బ్యాంకులకు రావలసింది సుమారు 29,500 కోట్లు. రిలయన్స్, ఇంకొక సంస్థ కలిసి 5,050 కోట్లకు దాన్ని పట్టుకుపోయాయి. మిగతాది బ్యాంకులు వదులుకున్నాయి. దీనికి పెట్టిన ముద్దుపేరు 'హెయిర్‌కట్'. వాళ్లకు క్షవరం, మనకు గుండు.

2018 మార్చి నాటికి బ్యాంకుల మొండిబాకీల్లో 85 శాతం పైగా పెద్ద అప్పులవాళ్లదే. పెద్ద అప్పంటే 5 కోట్లు, ఆపైన. మన రెండు రాష్ట్రాల్లో 5 కోట్ల అప్పు పుట్టే మాలమాదిగలు ఎంతమంది ఉంటారో వేళ్ల మీద లెక్కపెట్టండి. దేశంలోని వెయ్యి పెద్ద కంపెనీల డైరెక్టర్ల కులాలు లెక్కగట్టిన ఒక పరిశోధన 2012లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో అచ్చయింది. దాదాపు 93 శాతం అగ్రకులాల వాళ్లు. ఎస్సీలు, ఎస్టీలు కలిపి మూడున్నర శాతం. అప్పు అడిగేచోటా వాళ్లే, ఇచ్చేచోటా వాళ్లే, ఎగ్గొట్టాక మాఫీ చేసేచోటా వాళ్లే. ఇది కాంగ్రెస్ పాలన, ఇది బీజేపీ పాలన అని గీత గీసి చూపిస్తారు. ఆ గీతకు అటూ ఇటూ ఉన్నది ఒకే బంధువర్గం.

2020 మార్చిలో ఎస్ బ్యాంకు కూలింది. అది ప్రైవేటు బ్యాంకు. మార్చి 5న ఖాతాదారులు యాభై వేలకు మించి తీయొద్దన్నారు. మర్నాడు ఆర్థికమంత్రి, ఆ బ్యాంకు పెద్ద కంపెనీలకిచ్చిన చెడ్డ అప్పులన్నీ 2014కు ముందువేనన్నారు. చిదంబరం లెక్కలు తీశారు. 2014 మార్చిలో బ్యాంకు ఇచ్చిన అప్పులు 55,633 కోట్లు, 2019 మార్చికి 2,41,499 కోట్లు, ఇది ఎవరి కాలమన్నారు. లెక్కలో చిదంబరమే గెలిచారు. అప్పుడు బీజేపీ వాళ్లు ఒక బొమ్మ తెచ్చారు. హుస్సేన్ గీసిన రాజీవ్ గాంధీ బొమ్మను ప్రియాంకా గాంధీ 2010లో ఆ బ్యాంకు స్థాపకుడు రాణా కపూర్‌కు రెండు కోట్లకు అమ్మారట. ఇంకేముంది, రెండు లక్షల కోట్ల సంగతి పక్కకుపోయి రెండు కోట్ల బొమ్మ మీద పడ్డారు. ఈలోపు ఎస్‌బీఐ చేత 6,050 కోట్లు పెట్టించి ఆ ప్రైవేటు బ్యాంకును నిలబెట్టారు. లాభాలొచ్చినప్పుడు ప్రైవేటువాడి ప్రతిభ. మునిగినప్పుడు ప్రభుత్వ బ్యాంకు వచ్చి లేపాలి. మన దగ్గరివాళ్లకు ఇంకో సంగతి గుర్తుండే ఉంటుంది. బ్యాంకు కూలకముందే టీటీడీ తన 1,300 కోట్ల డిపాజిట్లు అందులోంచి తీసేసుకుందని అప్పట్లో వార్తలొచ్చాయి. వెంకన్న సొమ్ము గట్టెక్కింది. చీటీ డబ్బులు దాచుకున్న కూలీకి ముందుగా చెప్పేవాడెవడు?

ఆ మరుసటి నెలలోనే 'రైటాఫ్' గొడవ వచ్చింది. యాభైమంది పెద్ద ఎగవేతదార్ల 68,607 కోట్ల అప్పులు బ్యాంకులు రైటాఫ్ చేశాయని సమాచార హక్కు కింద రిజర్వుబ్యాంకు జవాబిచ్చింది. నేను పార్లమెంటులో అడిగితే పేర్లు దాచారని రాహుల్ గాంధీ అన్నారు. రైటాఫ్ అంటే మాఫీ కాదు, పద్దులోంచి తీసేసినా వసూలు ఆగదు, మీకు లెక్కలు రావు అని ఆర్థికమంత్రి అన్నారు. మాటవరసకు ఆమె చెప్పింది సరే. రైటాఫ్ వేరు, మాఫీ వేరు. వసూలు ఎంతయిందో చూద్దాం. 2017-18 నుంచి 2021-22 దాకా ఐదేళ్లలో బ్యాంకులు రైటాఫ్ చేసింది 10,09,511 కోట్లు. ఆ ఐదేళ్లలో రైటాఫ్ ఖాతాల నుంచి వసూలైంది 1,32,036 కోట్లు. రూపాయికి పదమూడు పైసలు. ఇది కూడా ప్రభుత్వం పార్లమెంటుకు ఇచ్చిన లెక్కే.

మన దగ్గర వసూలు ఎట్లా ఉంటుందో ఎవరూ రాసి చూపించక్కర్లేదు. గ్రూపులో ఒకామె కట్టకపోతే మిగతా తొమ్మిదిమంది ఆమె గుమ్మం ముందు కూర్చోవాలి. కూలి డబ్బులు ఖాతాలో పడితే బాకీ కింద పట్టుకుంటారు. 2010లో మన రాష్ట్రంలోనే మైక్రోఫైనాన్సు కంపెనీల వేధింపులకు తట్టుకోలేక ఆడవాళ్లు ప్రాణాలు తీసుకుంటే ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. ఆ ఆర్డినెన్సుతో వసూళ్లు ఆగి కంపెనీలు ఇబ్బందిపడితే మర్నాటి ఏడాదే బ్యాంకులు వాటి అప్పులకు గడువు పెంచి, షరతులు సడలించాయి. గడువు కంపెనీకి దొరుకుతుంది, అప్పున్న ఆడమనిషికి దొరకదు.

ఇంతకూ కన్నం పూడ్చడానికి ఏం చేశారు? 2017 ఏప్రిల్ నుంచి స్టేట్‌బ్యాంకు మినిమం బ్యాలెన్స్ లేని ఖాతాల మీద జరిమానా మళ్లీ మొదలుపెట్టింది. ఆ నవంబర్‌కల్లా ఎనిమిది నెలల్లో 1,771 కోట్లు వసూలయ్యాయి. ఆ ఏడాది జూలై, ఆగస్టు, సెప్టెంబర్ మూడు నెలలకు బ్యాంకు లాభం 1,582 కోట్లు. మొత్తం బ్యాంకు మూడు నెలలు వ్యాపారం చేసి సంపాదించిన దానికంటే, ఖాతాలో డబ్బులేని పాపానికి పేదోళ్ల దగ్గర గుంజింది ఎక్కువ. జనధన్ ఖాతాలకు మినహాయింపు ఉందన్నారు. అంతకుముందే గ్యాస్ సబ్సిడీకో కూలి డబ్బులకో మామూలు ఖాతా తెరిచినవాళ్ల గతేమిటి? గొడవ చేయగా చేయగా 2020 మార్చిలో ఎత్తేశారు. పట్టుకున్న డబ్బులు మాత్రం ఎవరికీ తిరిగివ్వలేదు.

అదే 2017లో, మార్చి నెలలో ఎస్‌బీఐ ఛైర్మన్‌గా ఉన్న ఆవిడ, రైతుల రుణమాఫీ వల్ల అప్పు తీర్చే క్రమశిక్షణ చెడిపోతుందన్నారు. ఏప్రిల్‌లో రిజర్వుబ్యాంకు గవర్నర్ ఊర్జిత్ పటేల్ కూడా అదే పాట. 2008లో దేశం మొత్తానికి చేసిన రుణమాఫీ సుమారు 52 వేల కోట్లు. అది కూడా బ్యాంకులో అప్పు పుట్టిన రైతులకే, అంటే పట్టా ఉన్నవాళ్లకే. కౌలుకు చేసే మాదిగకు, కూలికిపోయే మాలకు అందులో ఒక్క రూపాయి రాలేదు. అయినా మాఫీ మాటెత్తితే చాలు 'ఊరికే తినమరిగారు' అని మనల్ని చూసే అంటారు. మూడు లక్షల కోట్లు పోసినప్పుడు క్రమశిక్షణ గురించి ఆ కంపెనీలకు ఉపదేశం చేసినవాళ్లు కనపడలేదు.

ఇది పాత రోగం. 1980లలో కాంగ్రెస్ మంత్రి జనార్దన పూజారి లోన్‌మేళాలు పెట్టి పేదలకు వేలల్లో అప్పులిప్పించారు. బ్యాంకులు చెడిపోయింది ఆ మేళాల వల్లేనని ఇవాళ్టికీ చదువుకున్నవాళ్లు నమ్ముతారు. ఐదువేల గేదె అప్పుకు బ్యాంకు కూలిందట! రిజర్వేషన్‌తో వచ్చినవాళ్ల వల్ల ప్రభుత్వ బ్యాంకులు ఇట్లా అయ్యాయని ఇంకొందరు గొణుగుతారు. నీరవ్ మోదీకి హామీపత్రం ఏ రోస్టర్ పాయింట్ కింద ఇచ్చారో వాళ్లనే అడగాలి.

నింద కిందికి జారడం మన దేశంలోనే కాదు. 2008లో అమెరికాలో పెద్ద పెద్ద బ్యాంకులు కూలబోతే 70 వేల కోట్ల డాలర్లతో ఆదుకునే చట్టం తెచ్చారు. సెప్టెంబర్ 29న వాళ్ల దిగువ సభ 228-205 ఓట్లతో తిప్పికొట్టింది. స్టాకు మార్కెట్ పడిపోయింది. నాలుగు రోజులు తిరక్కుండానే, అక్టోబర్ 3న అదే సభ ఒప్పుకుంది, బుష్ సంతకం చేశాడు. అక్కడా రెండు పార్టీలే. కట్టుబాట్లు సడలించి దోపిడీకి తలుపులు తీశారని రిపబ్లికన్లను డెమోక్రాట్లు తిట్టారు. 1999లో ఆ సడలింపు చట్టం మీద సంతకం చేసింది డెమోక్రాట్ క్లింటనే. రిపబ్లికన్లలో చాలామంది ఎవర్ని తిట్టారో తెలుసా? నల్లవాళ్ల పేటల్లో కూడా బ్యాంకులు అప్పులివ్వాలని 1977లో చేసిన చట్టాన్ని. అర్హత లేనివాళ్లకు ఇళ్ల అప్పులిప్పించారు, అందుకే మునిగిందన్నారు. అర్హత! మనకు ఎంత తెలిసిన మాట! ప్రభుత్వం వేసిన విచారణ సంఘం 2011 జనవరిలో, ఆ చట్టం ఈ పతనానికి ముఖ్య కారణం కాదని తేల్చింది. ఆ నివేదికకు ఒప్పుకున్న ఆరుగురూ డెమోక్రాట్లు నియమించినవాళ్లు. ఒప్పుకోని నలుగురూ రిపబ్లికన్లు నియమించినవాళ్లు. నిజం కూడా పార్టీల వారీగా చీలింది. నల్లవాళ్ల దగ్గర, లాటినోల దగ్గర ఎక్కువ వడ్డీ, ఎక్కువ ఫీజులు గుంజిందన్న కేసులో 2012లో వెల్స్ ఫార్గో బ్యాంకు 17 కోట్ల 50 లక్షల డాలర్లకు రాజీ పడింది. బ్యాంకులు తీసుకున్న సొమ్ము చాలావరకు తిరిగి కట్టాయి, అది ఒప్పుకోవాలి. జప్తయిన ఇళ్లు మాత్రం నల్లవాళ్లకు తిరిగి రాలేదు.

మళ్లీ మన దగ్గరికి వద్దాం. నువ్వు ముంచావంటే నువ్వు ముంచావని కొట్టుకునే ఈ ఇద్దరూ ఒకచోట చేతులు కలుపుతారు. బ్యాంకులు ప్రభుత్వం చేతిలో ఉండటమే తప్పు, అమ్మేద్దాం అన్నచోట. 1991లో, పీవీ నరసింహారావు ప్రధానిగా ఉండగా, నరసింహం కమిటీ రైతులకు, పేదలకు, చిన్న పనివాళ్లకు కేటాయించే అప్పుల్ని నలభై శాతం నుంచి పదికి తగ్గించమంది. 1998లో, వాజపేయి ప్రభుత్వం వచ్చాక, అదే నరసింహం రెండో కమిటీ ప్రభుత్వ వాటాను 33 శాతానికి దించమంది. 2014 జనవరిలో, మన్మోహన్ ప్రభుత్వం ఉండగా, రిజర్వుబ్యాంకు వేసిన నాయక్ కమిటీ కూడా సగానికన్నా తగ్గించమంది. 2021 బడ్జెట్‌లో నిర్మలా సీతారామన్ ఐడీబీఐతో పాటు ఇంకో రెండు ప్రభుత్వ బ్యాంకుల్ని ప్రైవేటుకు ఇస్తామన్నారు. ఈ కాగితాల్లో తెల్లదేది, నల్లదేది?

2017లో 27 ఉన్న ప్రభుత్వ బ్యాంకులు 2020 ఏప్రిల్‌కు 12 అయ్యాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పోయింది. 1923లో బందరులో పుట్టిన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కలిపారు, అమ్మలేదు కదా అంటారు. ఐడీబీఐని చూడండి. మొండిబాకీలతో మునిగిన ఆ బ్యాంకులోకి ఎల్‌ఐసీ చేత 21,624 కోట్లు పెట్టించారు. ఎల్‌ఐసీ సొమ్మంటే పాలసీలు కట్టిన టీచర్లది, ఆర్టీసీ కార్మికులది, మన అంగన్‌వాడీ అక్కలది. ఎల్‌ఐసీ వాటా 51 శాతం కాగానే, 2019 జనవరి 21 నుంచి అది ప్రైవేటు బ్యాంకని రిజర్వుబ్యాంకు ప్రకటించింది. జనం సొమ్ముతో బతికించి, ప్రైవేటని పేరు పెట్టారు.

ప్రైవేటు బ్యాంకుకు రిజర్వేషన్ నిబంధన లేదు. మన పేటల నుంచి బ్యాంకు కౌంటర్ వెనక్కి పోయి కూర్చున్న మొదటి తరం 1969లో, 1980లో బ్యాంకుల జాతీయకరణ తర్వాత వచ్చిందే. ఒక గుమాస్తా ఉద్యోగంతో ఒక కుటుంబం పాలేరుతనం నుంచి బయటపడటం మన ఊళ్లలో చూశాం. బీమా వ్యాపారం పూర్తిగా ప్రభుత్వం చేతిలోనే ఉండాలని, కీలక పరిశ్రమలు ప్రభుత్వానివే కావాలని బాబాసాహెబ్ 1947లోనే 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో రాశారు. రూపాయి సమస్య మీద 1923లోనే పుస్తకం వేసిన మనిషి. ఆ మాట ఊరికే అనలేదు. ప్రైవేటువాడి దయ మీద బతికేవాడికి రాజ్యాంగంలోని హక్కులు అక్కరకు రావని ఆయనకు తెలుసు. బెయిలౌట్ మీద జరిగే ఈ తగువులో ఎవరు గెలిచినా, ప్రభుత్వ బ్యాంకులు పనికిరావనే మాటే జనం బుర్రల్లో మిగులుతుంది. ఆ మాట మనకు ఉరితాడు.

అట్లాగని ప్రభుత్వ బ్యాంకులు మనకేదో ఒరగబెట్టాయని కూడా అనడం లేదు. 2016 ఏప్రిల్ 5న బాబూ జగ్జీవన్‌రామ్ జయంతి నాడు స్టాండప్ ఇండియా అని మొదలుపెట్టారు. ప్రతి బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, కనీసం ఒక ఆడమనిషికి పది లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాలన్నారు. దేశంలో లక్షా పాతికవేల బ్రాంచీలన్నారు. ఏడేళ్లయ్యాక, 2023లో లెక్క చెప్పారు. ఎస్సీలకు 26,889, ఎస్టీలకు 8,960. రెండూ కలిపితే 35,849. ఏడేళ్లలో బ్రాంచీకి ఒక్కరంటే ఒక్కరికి ఇవ్వలేకపోయారు! పథకం 2025 మార్చితో గడువు తీరింది. చెక్కుబుక్కు ఊపుకుంటూ ఎవరూ మన వాడకు రాలేదు.

కాబట్టి ఈసారి ఏ జెండావాడు వచ్చి బ్యాంకుల్ని ముంచింది అవతలివాడని చెప్పినా, ముంచినవాళ్ల పేర్లు చదవమనండి. వసూలు చేసిన మొత్తం చెప్పమనండి. బ్యాంకులు అమ్మమని రాసిస్తావా అని అడగండి. ఈలోపు మనం చేయగలిగింది మన మండలంలో ఉంది. ప్రతి ప్రభుత్వ బ్యాంకు బ్రాంచీ మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. అడగాల్సినవి నాలుగే. 2016 నుంచి 2025 దాకా స్టాండప్ ఇండియా కింద మీ బ్రాంచీ ఎంతమంది ఎస్సీ, ఎస్టీలకు అప్పు ఇచ్చింది. ఎస్సీ కార్పొరేషన్ ఎంపిక చేసి పంపినవాళ్లలో ఎంతమందిని ఏ కారణంతో తిప్పి పంపింది. మినిమం బ్యాలెన్స్ జరిమానా కింద ఏ ఏడాది ఎంత వసూలు చేసింది. కోటి రూపాయలకు పైబడిన అప్పుల్లో ఎంత రైటాఫ్ చేసింది, అందులో ఎంత వసూలైంది. పదిరూపాయల పోస్టల్ ఆర్డర్ చాలు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు కార్డుంటే అదీ అక్కర్లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు చేయండి. జవాబొచ్చినా, చెప్పం పొమ్మన్నా, ఆ కాగితం నకలు ఒకటి పత్రికకు పంపండి. మండలాల వారీగా వేస్తాం.